రెండు కాసుల పైడమ్మ, ఇరవైనాలుగు కాసుల నూకాలు

ఒరేయ్ హవీషూ, ఒసేయ్ మోక్షా, ఇంక ఆపండి మీ గోల. పొద్దున్నుంచి గ్రూపులో ఒకటే ఏడుపు. సెలవులకి ఇద్దరూ ఇక్కడికే వస్తున్నారు, ఒకే విమానం, పక్కపక్క సీట్లు, హవీష్ వాళ్ళకి టికెట్ రెండువేల నాలుగొందలు, మోక్ష వాళ్ళకి ఆరువేల ఎనిమిదొందలు. వీడేమో పళ్ళికిలిస్తున్నాడు, అదేమో కుళ్ళుకుని చస్తోంది. మీ మెసేజీలన్నీ అమ్మమ్మకి చదివి వినిపించా. ఆవిడ పకపకా నవ్వి, దీనికో కథ ఉందే, నేను చెప్తా నువ్వు కొట్టు అంది. సో ఆవిడ మంచం మీంచి చెప్తోంది, నేను కొడుతున్నా. స్పెల్లింగులు పట్టుకున్నారో చంపేస్తా. మధ్యమధ్యలో ‘ఊ’ పెట్టాలి. బొమ్మలు పెడితే చెల్లదు, ‘ఊ’ అనే పెట్టాలి.

అనగనగా, అనగనగనగా, విమానం అనే మాటే పుట్టకముందు, ఒక ఊళ్ళో ఒక రాజు. పెద్ద రాజేం కాదు, మీసం మాత్రం పెద్దది. ఆ ఊరికీ అవతల తేనెపల్లికీ మధ్యన తొమ్మిది కొండలు. బండి కట్టుకుని వెళ్తే తొమ్మిది రోజులు, నడిచి వెళ్తే నెల, కొండచిలవకి దొరికితే అసలు వెళ్ళేదే లేదు. అందుకని రాజు ఏం చేశాడూ, ఒక గాలిపడవ కట్టించాడు. తాటిదోనెలాగా ఉంటుంది, పైన పే...ద్ద గుడ్డ తిత్తి, ఆ తిత్తిలోకి పొగ పెడితే పైకి లేస్తుంది. లోపల కూర్చోడానికి నలభై పీటలు. పొద్దున్నే లేస్తే జాము తిరక్కుండా తేనెపల్లిలో దిగుతుంది. అక్కణ్ణుంచి ఇంకా ముందుకెళ్ళి ఉప్పుదిబ్బ అనే చోట ఆగుతుంది. ఉప్పుదిబ్బలో ఏముంటుందీ? ఉప్పు ఉంటుంది. పీతలుంటాయి. అంతే.

ఊ కొడుతున్నారా? హవీషూ, ‘ఊ’ ఏదిరా?

మొదట్లో రాజు అందరికీ ఒకటే రేటు పెట్టాడు, పీటకి ఐదు కాసులు. పాపం మంచోడే. కానీ మన జనం సంగతి తెలుసు కదా. దశమి మంచిది, ఆరోజే ఎక్కాలి. నవమి వద్దు, మంగళవారం వద్దు, అమావాస్య అసలే వద్దు. దశమి వస్తే చాలు, ఎనభై మంది వచ్చి జుట్లు పట్టుకునేవాళ్ళు. అమావాస్య నాడు మాత్రం పడవలో ఒక మేక, ఆ మేక గలాయన. మేకకి తిథులు పట్టవు కదా. పడవ నిండినా నిండకపోయినా తిత్తికి కట్టెలు మాత్రం అవే, పొగ అదే. ఏడాది తిరిగేసరికి రాజు ఖజానా అడుగంటింది, మీసం వాలిపోయింది.

అప్పుడు రేవు పక్కన చింతచెట్టు మీదుండే ముక్కు దయ్యం దిగొచ్చింది. దాని ముక్కు ఎంతుంటుందంటే, ముందు ముక్కొచ్చేది, కాసేపాగి దయ్యమొచ్చేది. రాజా, రాజా, ఖాళీగా ఎగిరిపోయిన పీట మళ్ళీ దొరకదు, అందుకని ఎవడూ ఎక్కని రోజు అరకాసుకైనా ఎవణ్ణో ఒకణ్ణి కూర్చోబెట్టు, కానీ వెళ్ళకపోతే కొంప మునిగే వాడొచ్చాడనుకో, వాడి దగ్గర గట్టిగా లాగు అంది. ఎవడి కొంప మునుగుతుందో నాకెట్టా తెలుస్తుందే అన్నాడు రాజు. నీకు తెలీదు, నాకు ముక్కుంది కదా అంది దయ్యం. అవసరం అనేది వాసనొస్తుందంట దానికి. పనసపండులాగా, ఎంత మూట కట్టి దాచినా గుప్పుమంటుందంట.

రాజు సరేనన్నాడు. దయ్యం పంచాంగం చంకలో పెట్టుకుని రేవులో కూర్చుంది. వచ్చినవాళ్ళని వచ్చినట్టు వాసన చూస్తుంది, రేటు చెప్తుంది, కాసులు పుచ్చుకుని తాటాకు ముక్క చేతిలో పెడుతుంది. ఆ తాటాకు ముక్కే టికెట్టు. నెల ముందొస్తే రెండు, వారం ముందొస్తే ఆరు, పడవ కదిలే ముందొస్తే పట్టుచీర అమ్ముకో పో. అమావాస్యకి అర, దశమికి పది, పెళ్ళివారికి పదిహేను, పనిలేనివాడికి పావు. ఊరు ఊరంతా గొల్లుమంది. ఒకే పడవ, ఒకే గాలి, ఒకే ఊరు, నీకెంత అంటే నీకెంత. పడవెక్కగానే జనానికి ఇదే పని. కొండలు చూడరు, మబ్బులు చూడరు, పక్కవాడి రేటు అడుగుతారు, అడిగి ఏడుస్తారు. మోక్షా, వింటున్నావా?

సరే. ఆ ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దామె నూకాలు, చిన్నామె పైడమ్మ. ఇద్దరి పుట్టిళ్ళూ తేనెపల్లే. నూకాలు సంతలో దిట్ట. పొద్దున పావుకాసుకి మూడు కట్టలున్న తోటకూర సాయంత్రానికి ఆరు కట్టలవుద్దని ఆమెకి తెలుసు. అందుకని పొద్దుగూకే దాకా ఆగి, అప్పుడెళ్ళి, మూతి తిప్పి, రెండడుగులు వెనక్కేసి, ఎనిమిది కట్టలు తెచ్చేది. ఆమె వస్తోందంటే ఆకుకూరల వాళ్ళు గంప మీద గోనె కప్పేసేవాళ్ళు. అంత పేరు.

కానీ ఒక్కటే జబ్బు. కుళ్ళు. పైడమ్మ పొయ్యి మీద పాలు పొంగితే నూకాలు కుండలో పాలు విరిగేవి. పైడమ్మ గాజులు గలగలమంటే నూకాలుకి తలనొప్పి. పైడమ్మ పాదుకి పది పొట్లకాయలు కాస్తే, నూకాలు తన పాదుకున్న పన్నెండూ వదిలేసి ఆ పదీ లెక్కపెట్టుకుంటూ కూర్చునేది.

ఒక దశమికి ఇద్దరూ పడవెక్కారు. పక్కపక్క పీటలు. నూకాలు అడిగింది, ఏమే పైడీ, నీకెంత పడిందే అని. రెండక్కా అంది పైడమ్మ, నెల్రోజుల కిందటే తీసేసుకున్నా అంది. నూకాలు ఇచ్చిందేమో తొమ్మిది. అంతే. కొండలన్నీ దాటేదాకా నూకాలు వేళ్ళు మడిచి అదే లెక్క. పీట కింద గాలే, కడుపులో నిప్పే. తేనెపల్లి రేవులో వాళ్ళన్న బండి కట్టుకుని నిలబడి చెయ్యూపుతున్నా ఆమెకి కనపళ్ళా. రెండు, తొమ్మిది. రెండు, తొమ్మిది. అన్నం కలుపుతున్నా అదే, తల దువ్వుకుంటున్నా అదే.

ఆగండి, అమ్మమ్మ మంచినీళ్ళు తాగుతోంది... ఆఁ తాగింది.

తర్వాత కొన్నాళ్ళకి తేనెపల్లి నుంచి కబురొచ్చింది. నూకాలు వాళ్ళన్నకి పన్నెండేళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది! పన్నెండేళ్ళు, మొక్కని చెట్టు లేదు, ఎక్కని మెట్టు లేదు. శుక్రవారం మిట్టమధ్యాహ్నం బారసాల. మరి బారసాలంటే ఏంటి? పిల్లని మొదట ఉయ్యాల్లో వెయ్యాల్సింది మేనత్త. చెవిలో మొదట పేరు చెప్పాల్సింది మేనత్త. నూకాలు తప్ప ఆ పిల్లకి ఇంకో మేనత్త లేదు. నూకాలు ఏడ్చేసింది, నవ్వేసింది, పెట్టెలోంచి తన మెత్తటి పాతచీర తీసి ఉయ్యాలకని మడతపెట్టింది. కొంగున పన్నెండు కాసులు ముడేసుకుంది. శుక్రవారం పొద్దుటి పడవెక్కితే చక్కగా అందుకుంటుంది. ఇంకా పదిహేను రోజులుంది.

అలా రేవుకి వెళ్తుంటే పైడమ్మ ఎదురైంది, చేతిలో తాటాకు ఊపుకుంటూ. ఎంతే అంది నూకాలు. రెండక్కా, వచ్చే మంగళవారానికి అంది. నూకాలు దయ్యం ముందుకెళ్ళి నిలబడింది. దయ్యం ఒక్క పీల్పు పీల్చి, అబ్బో అబ్బో, పసిపిల్ల పాలవాసన, శుక్రవారం, నాలుగు కాసులు అంది.

నాలుగు! నాలుగంటే చవకే రా బాబూ! ఇచ్చేసి తెచ్చుకోవచ్చు! కానీ పైడికి రెండు కదా. పైడికి రెండైతే నాకూ రెండే, లేకపోతే నాకు పడవే వద్దంది. వచ్చేసింది.

మర్నాడు నూకాలు పైడమ్మ చీర కట్టుకుని వెళ్ళింది. దయ్యం వాసన చూసింది. చీర పైడమ్మది, అవసరం నూకాలుది, ఐదు కాసులు అంది. ఆ మర్నాడు పైడమ్మ చీర కట్టి, పైడమ్మ బుట్ట పట్టి వెళ్ళింది. చీర పైడమ్మది, బుట్ట పైడమ్మది, అవసరం నూకాలుది, ఆరు కాసులు. ఆ పై వారం పైడమ్మ చీర కట్టి, పైడమ్మ బుట్ట పట్టి, పైడమ్మలాగే కూనిరాగం తీసుకుంటూ వెళ్ళింది. చీర పైడమ్మది, బుట్ట పైడమ్మది, రాగం పైడమ్మది, అవసరం నూకాలుది, దాంతోపాటు కుళ్ళు కూడా కొడుతోంది తల్లీ, తొమ్మిది కాసులు అంది దయ్యం, ముక్కు మూసుకుని.

ఇక్కడ అమ్మమ్మ దయ్యంలా ముక్కు మూసుకుని చూపించింది. మిస్సయ్యారు మీరు.

పైడమ్మ చెప్పింది, అక్కా, తీసేసుకో అక్కా, పన్నెండయ్యాక చూసుకుని ఏం లాభం అని. నూకాలు సర్రుమంది. నీకేమే, రెండు కాసుల మహారాణివి, నువ్వు చెప్తావు. నేను సంతలో పండిపోయినదాన్ని. ఏ సరుకైనా పొద్దుగూకితే దిగాల్సిందే. గురువారం సాయంత్రం చూడు, ఆ ముక్కుదే కాళ్ళ బేరానికొస్తుంది, ఒక్క కాసుకి తెస్తా నేను, నీకంటే ఒకటి తక్కువ అంది. బుధవారం పన్నెండైంది. కొంగులో సరిగ్గా పన్నెండే ఉన్నాయి. అయినా తియ్యలేదు చూడండి. ఎంత మొండిదో!

గురువారం పొద్దుగూకింది. నూకాలు దర్జాగా వెళ్ళి, మూతి తిప్పి, రెండడుగులు వెనక్కేసి, ఒక కాసు ఇస్తా, ఇస్తే ఇయ్యి లేకపోతే పో అంది.

ఇరవైనాలుగు అంది దయ్యం.

నూకాలు ఇంకో రెండడుగులు వెనక్కేసింది. దయ్యం వెనక్కి పిలవలేదు. ఇంకో రెండేసింది. పిలవలేదు. వెనక్కేస్తూ వేస్తూ రేవు మెట్ల దగ్గరకొచ్చి ధబీమని కూర్చుండిపోయింది. పీటలు వాడిపోతాయి కదే, నువ్వే దిగిరావాలి కదే అని అరిచింది. దయ్యం చెప్పింది, అమ్మా నూకాలమ్మా, సాయంత్రం తోటకూరకి వచ్చేవాళ్ళు చవగ్గా దొరికితే కొంటారు, లేకపోతే పప్పుచారుతో తింటారు. అందుకే కూర దిగుతుంది. ఆఖరి పూట పడవకి వచ్చేవాళ్ళు అలా కాదు. తల్లికి బాలేదని వస్తారు, పురుడొచ్చిందని వస్తారు, బారసాలని వస్తారు. వెళ్ళక తప్పనివాళ్ళే వస్తారు. వాళ్ళ కోసమే నేను ఈ నాలుగు పీటలు దాచా అంది. ఎంత పాపిష్టిదో చూడండి. దయ్యం కదా మరి.

ఊ? ఏంటి ఇద్దరూ సైలెంటైపోయారు? ఏడుస్తున్నారా? ఉండండి.

నూకాల్ని అన్నం తినడానికి పిలవమని అత్త పంపిస్తే పైడమ్మ రేవుకొచ్చింది. మెట్ల మీద నూకాలు ఉయ్యాల చీర ఒళ్ళో పెట్టుకుని కుళ్ళి కుళ్ళి ఏడుస్తోంది. పైడమ్మని చూడగానే ఇంకా మండింది. అంతా నీ వల్లేనే! నువ్వు నుదుటన రాయించుకుని పుట్టావు, నీకెప్పుడూ రెండే, నాకేం పాపమని ఇరవైనాలుగు అని అరిచింది.

పైడమ్మ పక్కన కూర్చుంది. జారిపోతున్న ఉయ్యాల చీర సర్దింది. తర్వాత మెల్లగా, నాకు రెండెందుకో తెలుసా అక్కా అంది. ఆ దయ్యం నన్ను వాసన చూస్తే దానికేమీ రాదు. మా అమ్మా నాన్నా పోయారు, మా ఇంట్లో ఇప్పుడు ఎవరో కుండలు చేసుకునేవాళ్ళుంటున్నారు. నేను సోమవారం వెళ్ళినా ఒకటే, మంగళవారం వెళ్ళినా ఒకటే, అసలు వెళ్ళకపోయినా ఎవ్వరూ అడగరు. తేనెపల్లిలో దిగి, రేవులో కూర్చుని, బెల్లం జీడీలు కొనుక్కుతిని, మా వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ సాయంత్రం పడవెక్కుతా. మొన్న మంగళవారం కూడా అంతే. నీకేమో మీ అన్న ఎండలో బండి కట్టుకుని నిలబడతాడు. నువ్వు దిగేలోపే చెయ్యూపుతాడు. అది చూసి నాకెంత కడుపు మండేదో నీకు తెలీదు. నీ తొమ్మిది కాసులు చూసి నేను ఎన్నిసార్లు ఏడ్చానో తెలీదు అంది.

ఇన్నాళ్ళూ ఒకే వీధిలో, ఒకే పెరట్లో, ఆమెని చూసి ఈమె, ఈమెని చూసి ఆమె! పొట్లకాయలు లెక్కపెట్టింది తనొక్కతే అనుకుంది పాపం నూకాలు.

అవునే పైడీ, ఇప్పుడు నేనేం చెయ్యనే, పిల్లని ఉయ్యాల్లో ఎవరేస్తారే అంది. పైడమ్మ ముక్కు చీది లేచింది. కాసులెన్నున్నాయి అంది. పన్నెండు. చాలు రా అంది.

తిన్నగా దయ్యం ముందుకెళ్ళి, రేపు పొద్దుటి పడవలో ఉప్పుదిబ్బకెంత అంది. దయ్యం తెల్లబోయింది. ఉప్పుదిబ్బా? అక్కడికెవరెళ్తారు? పీటకి మూడు కాసులు అంది. నూకాలు చుట్టూ ముక్కు తిప్పింది. దాని ముక్కు ఎలా పనిచేస్తుందంటే, అడిగిన ఊరి మీదే పనిచేస్తుంది. ఉప్పుదిబ్బ పీతల మీద నూకాలుకి ప్రేమెక్కడుంది? ఏ వాసనా రాలేదు. పైడమ్మ ఒక ఆకు అడిగింది. అప్పుడు నూకాలు ఆమె చెయ్యి పట్టుకుని, రెండు అంది. రెండాకులియ్యి, ఆరు కాసులు పుచ్చుకో, ఇది కూడా వస్తోంది అంది.

నేనెందుకక్కా అంది పైడమ్మ.

నోర్ముయ్యి, రా అంది నూకాలు.

అర్థమైందా ప్లాను? ఉప్పుదిబ్బకెళ్ళే పడవ తేనెపల్లిలో ఆగుతుంది కదా! తేనెపల్లికేమో ఇరవైనాలుగు, తేనెపల్లి దాటి ఇంకా దూరం వెళ్తే మూడు! ఇదేం లెక్కే అని నేనడిగితే అమ్మమ్మ, దయ్యం లెక్క దూరం మీద కాదే, గిరాకీ మీద అంది.

శుక్రవారం పొద్దున్నే ఎక్కారు. పడవవాడు సారె బుట్ట ఇటివ్వమ్మా, కింద అరలో పెడతా అన్నాడు. నూకాలు ఇవ్వబోయింది. పైడమ్మ చేతి మీద ఒక్కటేసింది. బుట్ట కింద పెడితే అది ఉప్పుదిబ్బలోనే దిగుతుంది, పీతలకి బారసాల చేస్తావా అంది గుసగుసగా. దాంతో చలిమిడీ పసుపూ కుంకుమా ఉయ్యాల చీరా అన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మెడ దాకా.

తేనెపల్లిలో పడవాగగానే ఇద్దరూ టింగురంగామని దిగేశారు. పడవవాడు, అమ్మా, మీది ఉప్పుదిబ్బ కదా అని అరిచాడు. ఉప్పు ఇంట్లో ఉంది నాయనా అని వెనక్కి చూడకుండా పరిగెత్తింది నూకాలు. (మీరు ట్రై చెయ్యకండి. అప్పట్నుంచీ దయ్యం ఇలాంటోళ్ళ మీద కన్నేసి పెట్టిందంట. రెండోసారి దొరికితే పీటే ఇవ్వదంట.)

రేవులో అన్న నిలబడి ఉన్నాడు. చెయ్యూపుతున్నాడు. ఈసారి నూకాలు చూసింది. చూసి, పైడమ్మ చెయ్యి పట్టుకుని పైకెత్తి, ఇద్దరి చేతులూ కలిపి ఊపింది.

మధ్యాహ్నానికి బారసాల. నూకాలు పిల్లని ఉయ్యాల్లో వేసింది, చెవిలో పేరు చెప్పింది. చెప్పి, పక్కకి జరిగి, ఇదిగో ఇంకో మేనత్త అని పైడమ్మని ముందుకి తోసింది. అక్కడున్న పెద్దముత్తైదువ, తోడికోడలు మేనత్త ఎలా అవుతుందమ్మా అని దీర్ఘం తీసింది. మా పడవలో అలాగే రాసిచ్చారు అంది నూకాలు. పిల్ల గుప్పిట విప్పి పైడమ్మ వేలు పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. పైడమ్మ భోజనాలకి కూడా లేవలేదు, వేలు అలా ఉంచేసి ఉయ్యాల పక్కనే కూర్చుంది. పిల్ల తల్లి, వదినగారూ, ఆరో నెల్లో అన్నప్రాసన, మీరు రాకపోతే ముద్ద పెట్టనివ్వను అంది ఆమెతో.

ఆరో నెల వచ్చింది. పైడమ్మ రేవుకెళ్ళింది. దయ్యం అలవాటుగా రెండు అనబోయి ఆగింది. ఇంకోసారి పీల్చింది. ముక్కు తుడుచుకుని మళ్ళీ పీల్చింది. పైడమ్మా... తొమ్మిది అంది.

పైడమ్మ ఏం చేసిందనుకున్నారు? దెబ్బలాడిందా? ఏడ్చిందా? తాటాకు పట్టుకుని వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తింది. తొమ్మిదండీ! నాకు తొమ్మిదండీ! నీళ్ళు మోసేవాళ్ళకి చెప్పింది, పిండి విసిరేవాళ్ళకి చెప్పింది, తోటకూర గంపలవాళ్ళకి చెప్పింది. అందరూ ఈమెకి పిచ్చెక్కిందనుకున్నారు.

నూకాలుకి విషయం తెలిసింది. తన ఆకు తీసి చూసుకుంది. ఈసారి బుద్ధిగా ముందే తీసుకుంది కదా, ఏడు కాసులు. ఏడు! దానికి తొమ్మిదా? నాకు ఏడా? పిల్ల నా మేనకోడలా దాని మేనకోడలా? మళ్ళీ భగ్గుమంది కడుపు. కొంగు దోపుకుని రేవుకెళ్ళి, ఏయ్ ముక్కూ, సరిగ్గా వాసన చూడు, నాకు పది ఉండాలి, ఇదిగో ఇంకో మూడు, పట్టు అని దయ్యం చేతిలో పెట్టింది. దయ్యానికి దాని పుట్టుకలో ఎవ్వరూ అలా ఎక్కువిస్తామని రాలేదు. తిక్కెక్కి చింతచెట్టెక్కేసింది. మూడ్రోజులు దిగలేదంట. ఆ మూడ్రోజులూ పడవ అందరికీ ఊరికే.

అదీ సంగతి. పక్క పీట రేటు అడిగితే ప్రయాణం పాడు, అవసరం ఉన్నోళ్ళు ఆఖరిదాకా ఆగకూడదు అని అమ్మమ్మ చెప్పమంది, చెప్పా.

ఇంకా ఏమందంటే, మోక్షా, నా దగ్గరకి రావడానికి అంత పోసి కొనుక్కున్నావా నా తల్లే, వాసన గట్టిగా వచ్చుంటుంది అంది. హవీష్ గాడికి చవగ్గా వచ్చిందంటే మరి ఆలోచించుకోవాల్సిందే, అమ్మమ్మ మీద ప్రేముందో లేదో అంది.

ఏంట్రా హవీషూ, టైప్ చేస్తున్నావు, చెరిపేస్తున్నావు? ‘నాక్కూడా ఎక్కువ రేటుకి మార్పించండి’ అని మీ నాన్నని అడుగుతావా? హహహ చచ్చాడు!

కథ గాలిపడవెక్కి కంచికెళ్ళింది, దానికెంత పడిందో నన్నడక్కండి. మీరు మాత్రం ఫోన్లు పక్కన పడేసి మూసుకు పడుకోండి. అమ్మమ్మ అప్పుడే గుర్రు పెడుతోంది. రేవుకి, అదే ఎయిర్‌పోర్టుకి, నేనూ మామయ్యా వస్తాం. దిగగానే కనపడతాం. ఇద్దరికీ ఒకేలా చెయ్యూపుతా, లెక్కపెట్టుకోకండి.